పిచ్చుక అడిగిన ప్రశ్న

ఏడో తరగతి పిల్లల లెక్కలో ఫ్రెంచి అంటే ఫ్రాన్సు, ఫ్రాన్సంటే ఒక ఇనుప గోపురం. అంతకు మించి వాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆత్రమూ లేదు. ఆ భాషలోనే ఉదయం పళ్ళు తోముకునేవాళ్ళు, ఆ భాషలోనే పోట్లాడుకునేవాళ్ళు, ఆ భాషలోనే అమ్మచేత తిట్లు తినేవాళ్ళు ఎక్కడెక్కడి దీవుల్లోనో, ఎడారి అంచుల్లోనో, మంచు ఊళ్ళలోనో కోట్లమంది ఉన్నారని ఫ్రెంచి టీచరు పటం మీద వేలు పెట్టి చూపించేది. పిల్లలు తలలూపేవారు. గంట కొట్టగానే ఆ తలల్లోంచి దీవులూ ఎడారులూ అన్నీ దులిపేసుకుని బయటికి పరిగెత్తేవారు.

ఇలా కాదనుకుని టీచరు కంప్యూటరు తెర మీద పిల్లల్ని పిల్లలతోనే మాట్లాడించాలని పూనుకుంది. టీచర్లు ఒకరినొకరు వెతుక్కునే ఒక వెబ్‌సైటులో గాలించగా గాలించగా, సముద్రం మధ్యన ఉన్న ఒక దీవిలో బడి దొరికింది. అక్కడి మాస్టారు తరగతి గదిలో కూడా గడ్డి టోపీ తీయడు. మొదటిరోజే మన పిల్లలు ఆయనకు టోపీ మాస్టారని పేరు పెట్టేశారు. ఇక్కడ ఆఖరి పీరియడు అయ్యేసరికి అక్కడ బడి తెరిచే వేళ. ఇటు పిల్లలు ఆవులిస్తూ, అటు పిల్లలు తడి జుట్టు దువ్వుకుని కూర్చునేవారు.

మొదటిసారి అంతా సాఫీగా జరిగిపోయింది. మన పిల్లలు బట్టీ పట్టిన వాక్యాలు అప్పజెప్పారు. వాళ్ళు నవ్వి, నెమ్మదిగా జవాబు చెప్పారు. ఆ కబురు ప్రిన్సిపాలు చెవిన పడింది. ఆయన నుంచి స్కూలు కమిటీ వాళ్ళకు పాకింది. రెండోసారి మేమూ వచ్చి చూస్తామన్నారు. అక్కడ మొదలైంది టీచరుకు గుండె దడ.

ఎందుకంటే ఆమెకో గుట్టుంది. ఆమె ఫ్రెంచి అంతా పుస్తకాల్లో నేర్చుకున్నది. వ్యాకరణంలో ఆమెను తప్పు పట్టగలవాళ్ళు లేరు, పరీక్షల్లో ఎప్పుడూ ఆమెదే మొదటి స్థానం. కానీ పుట్టుకతో ఆ భాష మాట్లాడే మనిషి ఎదుట కూర్చుని పట్టుమని పది నిమిషాలు మాట్లాడిన పాపాన పోలేదు. రేడియోలో వార్తలు చదివే ఫ్రెంచి అర్థమయ్యేది. వీధిలో పిల్లలు వాగే ఫ్రెంచి చెవి దాటి లోపలికి వెళ్ళేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ ఇంతవరకూ రాలేదు.

ఆ రోజు కంప్యూటరు గదిలో కిటికీ తెరలు లాగేశారు. ముందు వరుసలో ప్రిన్సిపాలు, కమిటీ పెద్దలు ముగ్గురు. వెనక పిల్లలు. తెర పక్కన టీచరు నిలబడింది. అవతలి పిల్లలు ఏమంటున్నారో వాక్యం వెంట వాక్యం మన భాషలో చెప్పడం ఆమె పని. ‘నాకు ఇష్టమైన వస్తువు’ అన్నది ఆ పూట అంశం. ఒక్కో పిల్లవాడు ఒక్కో వస్తువు పట్టుకొచ్చి చూపించి నాలుగు మాటలు చెప్పాలి.

అటువైపు ఒక పిల్లవాడు బంతాట బూట్లు చూపించాడు. సగం మాటలు అందాయి. మిగతా సగానికి టీచరు రెండుసార్లు మళ్ళీ చెప్పమని అడిగింది. కమిటీ పెద్దల్లో ఒకాయన పక్కాయన వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు టీచరు కంటపడింది. ఇక ఆ తర్వాత ఎవర్నీ మళ్ళీ చెప్పమనలేదు. ఇంకో పిల్ల వాళ్ళ తాతగారి రేడియో చూపించింది. అందిన నాలుగు మాటలకు అందని నాలుగు కలిపి టీచరు చెప్పేసింది. తప్పేమీ పోలేదు. వస్తువు కళ్ళెదుటే ఉంటే మాట ఊహించడం పెద్ద కష్టం కాదు. ఆమెకు ధైర్యం వచ్చింది.

అప్పుడు రెండు జడల అమ్మాయి ఒకతె వచ్చి కూర్చుంది. చేతుల్లో చెక్క పడవ బొమ్మ. దాని అంచున నీలం గీత. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కెమెరాకు దగ్గరగా పెట్టి, గొంతు తగ్గించి, గబగబా నాలుగు వాక్యాలు చెప్పింది. టీచరుకు ‘పాపా’, అంటే నాన్న అన్నది వినపడింది. ‘బాతో’, అంటే పడవ అన్నది వినపడింది. ‘మేర్’, అంటే సముద్రం, అదీ వినపడింది. మిగతాది వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారినట్టు కారిపోయింది.

"ఏమంటోందండీ?" అన్నాడు ప్రిన్సిపాలు.

మళ్ళీ చెప్పమ్మా అని అడగడానికి ఫ్రెంచిలో రెండు మాటలు చాలు. పిల్లలకు మొదటి వారంలోనే నేర్పింది ఆ మాటలు. అవి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి.

"వాళ్ళ నాన్న జాలరి అట. రోజూ ఇలాంటి పడవలోనే సముద్రం మీదికి వెళ్ళి చేపలు పట్టుకొస్తాడట. ఈ బొమ్మ ఆయనే చేసిచ్చాడట" అంది టీచరు.

పెద్దలు మెచ్చుకోలుగా తలలూపారు. పిల్లలు చప్పట్లు కొట్టారు, ‘బ్రావో’ అని అరిచారు. ఆ ఊపులో టీచరు, మనవాళ్ళ చేత ఒక ప్రశ్న అడిగిస్తే ఇంకా నిండుగా ఉంటుందనుకుంది. తరగతిలో చెవి చురుకైనది పిచ్చుక. సన్నగా, పొట్టిగా, ఎక్కడ కూర్చున్నా బల్ల అంచు మీద వాలినట్టు కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు. ఒక్కసారి విన్న మాట విన్నట్టు పలుకుతుంది. టీచరు వంగి ఆమె చెవిలో చెప్పింది, వాళ్ళ నాన్న ఇంతవరకూ పట్టుకొచ్చిన పెద్ద చేప ఎంతుంటుందో అడుగు అని.

పిచ్చుక తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. కదల్లేదు.

"అడుగమ్మా, అందరూ చూస్తున్నారు" అంది టీచరు, నవ్వు చెదరనివ్వకుండా.

పిచ్చుక లేచి అడిగింది. ఒక్క అక్షరం తప్పు పోకుండా, గంట కొట్టినట్టు అడిగింది. అవతల గది గదంతా నిశ్శబ్దమైపోయింది. రెండు జడల అమ్మాయి పడవను కెమెరా ముందు నుంచి కిందికి దించింది. కాసేపు అలాగే కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. టోపీ మాస్టారు తెర ముందుకు వచ్చి, ఎన్నడూ తీయని టోపీ తీసి, ఏదో చెప్పాడు. వేళ అయిపోయింది కాబోలు, సెలవు తీసుకుంటున్నాడనుకుంది టీచరు. చేతులూపుతూ, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ "మెర్సీ, మెర్సీ" అని కృతజ్ఞతలు చెప్పింది.

బయటికి వెళ్తూ ఇందాక నవ్విన కమిటీ పెద్దే ఆగి, మీరు ఆ దేశంలో పుట్టి పెరిగినట్టే ఉన్నారమ్మా అన్నాడు. ఆ మాట ఆమె ఇంటికెళ్ళి భర్తకు చెప్పుకుని మురిసిపోయింది.

మర్నాటి నుంచి పిచ్చుక వెనక బల్లకు మారిపోయింది. పాఠం చదవమంటే లేచి నిలబడేది, పెదవి విప్పేది కాదు. టీచరు ఒకటి రెండు రోజులు చూసి, "ఏం, కెమెరా చూసి దడుచుకున్నావా?" అంది. తరగతంతా నవ్వింది. పిచ్చుక కూర్చుంది.

ఆ వారంలోనే పిచ్చుక వాళ్ళ అమ్మమ్మ బడికి వచ్చింది. బట్టలు సరిచేసి కుట్టే మనిషి. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. ఈ ఫ్రెంచి మా పిల్ల ఒంటికి పడటం లేదమ్మా, దానికి బదులు ఇంకేదన్నా ఉంటే అందులో వెయ్యండి అని మొదలుపెట్టింది. ఇంట్లో గలగలమని వాగే పిల్లట. అద్దం ముందు నిలబడి ముక్కుతో ఏవేవో పలికి, ఇది ఫ్రెంచి అమ్మమ్మా, నువ్వూ అను అని తన ప్రాణం తోడేసేదట. తనూ దారం కొరుకుతూ ఆ పలకరింపే, బోంజూరు, బోంజూరు అంటూ ఉండేదట. ఇప్పుడు బోంజూరంటే చాలు, లేచి అవతలికి వెళ్ళిపోతోందట.

"ఏమన్నా తప్పు చేసిందా అమ్మా? చేస్తే చెప్పండి. నేను అడిగితే చెప్పదు" అంది చివరికి.

తప్పేమీ చెయ్యలేదు, చాలా బాగా మాట్లాడింది, సిగ్గుపడుతోంది అంతే, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది అని టీచరు భరోసా ఇచ్చి పంపింది. ముసలామె వెనక్కి వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం టీచరు వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. తల్లిదండ్రుల సమావేశంలో చూపించడానికి ఆ రోజు రికార్డింగులోంచి మంచి ముక్కలు ఏరమన్నాడు ప్రిన్సిపాలు. భర్త కారుతున్న కొళాయి విప్పి, సింకు కింద తల దూర్చి ఉన్నాడు. ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. బూట్ల పిల్లవాడు బాగా వచ్చాడు. రేడియో పిల్లా బాగా వచ్చింది. పడవ దగ్గరికి వచ్చేసరికి, చప్పట్లు ఎక్కడ మొదలవుతాయో పట్టుకోవడానికి వేగం తగ్గించి పెట్టింది.

నెమ్మదిగా వింటే మాట మాటా విడివిడిగా వచ్చి చెవిలో పడింది. ఇది మా నాన్న పడవ. నాన్నే చేశాడు. పోయిన వానాకాలం సముద్రం మీదికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

నమ్మలేక వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. కాదు, లేదు అనాలంటే ఫ్రెంచిలో క్రియకు ముందొక మాట, వెనకొక మాట రావాలని ఆమె పిల్లలకు ఏళ్ళ తరబడి నూరిపోసింది. మాట్లాడేటప్పుడు జనం ఆ ముందు మాటను మింగేస్తారు. ఆ పిల్లా మింగేసింది. మిగిలింది వెనకనున్న ‘పా’ ఒక్కటే. కన్ను మూసి తెరిచేంత మాట. దాన్ని టీచరు ఆ రోజు వినలేదు. ఇప్పుడు దాన్ని తప్ప ఇంకేమీ వినలేకపోయింది.

తర్వాత చప్పట్లు వచ్చాయి. బ్రావోలు వచ్చాయి. చేప ఎంత పెద్దదన్న ప్రశ్న వచ్చింది. ఆపైన టోపీ మాస్టారి గొంతు, క్షమించండి, బహుశా మీకు సరిగా వినపడలేదు, వీళ్ళ నాన్న మాకు దక్కలేదు, ఇవాళ్టికి ఆపుదాం. దానికి జవాబుగా నవ్వుతూ తన గొంతే, మెర్సీ, మెర్సీ.

టీచరు ఇయర్‌ఫోన్లు లాగేసి, ముఖం చేతుల్లో పెట్టుకుంది. భర్త సింకు కింద నుంచి బయటికి వచ్చి ఏమైందన్నాడు. చెప్పింది. అతను తడి చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఒక్కసారి మళ్ళీ చెప్పమని అడిగితే పోయేది కదా?" అన్నాడు.

"అందరి ముందూ ఎలా అడగనండీ?"

అతను తిరిగి కొళాయి దగ్గరికి వెళ్ళాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

సాయంత్రం లోపల టోపీ మాస్టారుకు మెయిలు రాసింది. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి పంపినదాంట్లో క్షమాపణ ఉంది, బాధ ఉంది, దాంతోపాటు ఆ రోజు ధ్వని సరిగా రాలేదన్న మాట కూడా ఉంది. ఆ ఒక్క వాక్యం రాస్తున్నప్పుడు ఇది అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా వేళ్ళు రాసేశాయి.

మర్నాటికే జవాబు వచ్చింది. మీరు బాధపడకండి, తప్పు మాదే అని రాశాడాయన. మా మైకు పాతది, ఎన్నాళ్ళ నుంచో మార్చమని అడుగుతున్నాను, ఈసారి గట్టిగా అడుగుతాను. ఆ పిల్లతో చెప్పాను, వాళ్ళకు నీ మాట చేరలేదమ్మా, మన యంత్రం చేసిన పని అని. వాళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మతో కూడా చెప్పి వచ్చాను. ఆమె అర్థం చేసుకుంది.

టీచరు స్టాఫ్ రూములో కూర్చుని అది చదివింది. తన పరువు కోసం ఒక మంచి మనిషి, ఆయనకు తెలియకుండానే, భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి గుమ్మం ఎక్కి అబద్ధం చెప్పి వచ్చాడు. పక్క కుర్చీలో లెక్కల టీచరు ఏదో అడుగుతోంది. ఆమె ఆ జవాబును మొదటి నుంచి మళ్ళీ చదివింది.

ఆ రోజు బడి వదిలాక పిచ్చుకను ఆగమంది. ఖాళీ తరగతిలో పిల్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీచరు ఎదుటి బల్ల మీద కూర్చుంది.

"ఆ రోజు పడవ అమ్మాయి ఏం చెప్పిందో నీకు అర్థమైందా?"

పిచ్చుక తలూపింది.

"మొత్తం?"

"వాళ్ళ నాన్న రాలేదంది మేడమ్."

"మరి నాతో చెప్పలేదేం తల్లీ?"

పిచ్చుక సంచి బకిలు తీసి పెట్టింది. మళ్ళీ తీసింది. "మీకు తెలియకుండా ఎందుకుంటుంది? మీకు తెలిసే అడగమంటున్నారనుకున్నాను."

టీచరు ఇంకేం విన్నా తట్టుకునేదేమో. ఈ మాటను తట్టుకోలేకపోయింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల మనసులో తను ఏమీ తెలియని మనిషిగా లేదు, తెలిసి తెలిసి తండ్రి లేని పిల్లను చేపల గురించి అడిగించిన మనిషిగా ఉంది. అలాంటి మనిషి చెప్పిన మాటకు తలవంచానే అని ఈ పిల్ల తనను తాను కాల్చుకు తింటోంది. పైగా తను అందరి ముందూ కెమెరా చూసి దడుచుకున్నావా అని నవ్వించింది.

"నాకు తెలియలేదు. నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు చెప్పాను" అంది టీచరు.

పిచ్చుక నమ్మలేనట్టు చూసింది. "మేడమ్‌కి ఫ్రెంచి అర్థం కాకపోవడమేంటి?" అని మెల్లిగా గొణిగింది. అది వెటకారం కాదు. నిజంగానే అడిగింది. టీచరు చెప్పింది, కాదమ్మా, చాలాసార్లు అర్థం కాదు, నీకున్నంత చెవి నాకు లేదు అని. బయట ఆయా వరండా కడుగుతున్న చప్పుడు వినపడుతోంది.

ఆ తెల్లవారి టీచరు ప్రిన్సిపాలు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరికి తెలుసు ఇదంతా అని అడిగాడు. పిచ్చుకకు తప్ప బడిలో ఎవరికీ తెలియదనగానే, మరి ఇంకేం, ఆ ముక్క తీసేసి మిగతాది చూపించండి, ఎందుకు లేనిపోని రాద్ధాంతం అన్నాడు. చూపించలేనని ఆమె అంది. అక్కడి వాళ్ళకు నిజం చెప్పాలంది, పిల్లలకూ చెప్పాలంది. ఆయన ముఖం ముడుచుకుంది. మీ ఇష్టం, కమిటీకి మీరే చెప్పుకోండి, నన్ను మధ్యలోకి లాగకండి అన్నాడు. తల్లిదండ్రుల సమావేశంలో ఫ్రెంచి ముక్కలకు బదులు పిల్లల కరాటే ప్రదర్శన పెట్టారు.

తరగతిలో పిల్లలకు అంతా చెప్పింది. ఎప్పుడూ వెనక కూర్చుని గోల చేసే పిల్లవాడు, "అయితే మనం చప్పట్లు కొట్టాం కదా మేడమ్" అన్నాడు. కొట్టాం, నా మాట నమ్మి కొట్టారు అంది టీచరు. వాడు అరచేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

తర్వాతి వీడియో కాల్‌కు పెద్దలెవరూ రాలేదు. తెర మీద టోపీ మాస్టారు కనపడ్డాడు. కొత్త మైకు పెట్టామని సంతోషంగా చూపించాడు. అది చూసి టీచరుకు తల కొట్టేసినట్టయింది. రాసుకున్న కాగితమేదీ తెచ్చుకోలేదు. తప్పులు పోతే పోనీ అని, తడబడుతూనే ఫ్రెంచిలో చెప్పింది. మైకు బాగానే పనిచేసిందని, పని చెయ్యనిది తన చెవి అని, అర్థం కానప్పుడు అడగడానికి సిగ్గుపడ్డానని, ఆ తర్వాత మీకు రాసినదాంట్లో కూడా అబద్ధం ఉందని. టోపీ మాస్టారు ముఖంలో నవ్వు నెమ్మదిగా తగ్గింది. కోప్పడలేదు. వాళ్ళమ్మ దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళాలన్నమాట అని మాత్రం అన్నాడు.

ఆ అమ్మాయి ఉందా అని అడిగింది టీచరు. ఉంది, కెమెరా ముందుకు రానంటోంది అన్నాడాయన. వింటోందా? వింటోంది. అయితే నేను ఆమెతోనే చెప్తాను అని, కనపడని పిల్లతో, తెరలో ఒక ఖాళీ కుర్చీని చూస్తూ, నీ మాట నేను వినకుండానే విన్నానని చెప్పాను, నన్ను క్షమించు అంది.

కాసేపటికి అటు కెమెరాకు అందని మూల నుంచి ఏదో ప్రశ్న వచ్చింది, వేగంగా. టీచరుకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్తావా అని అడిగింది. మళ్ళీ వచ్చింది. ఇంకా అందలేదు. ఇంకోసారి అడిగింది. ఈసారి మాటలు ఒక్కొక్కటిగా, గట్టిగా వచ్చాయి.

ఆ చేప గురించి అడిగిన అమ్మాయికి తెలుసా?

తెలియదంటే పిచ్చుక మీద మాట పడదు, కానీ అది ఇంకో అబద్ధం. తెలుసంటే పిల్లను తన చేతులతో తను పట్టించినట్టు. ఆమె ఆలోచన తెగేలోగా వెనక బల్ల మీంచి పిచ్చుక లేచి ముందుకు వచ్చింది. కెమెరాకు ఆనేంత దగ్గరగా వచ్చి నిలబడింది.

"తెలుసు. మేడమ్ అడగమన్నారు. నేను అడగకుండా ఉండాల్సింది" అంది ఫ్రెంచిలో. ఎవరూ నేర్పని వాక్యం అది.

టీచరు చెయ్యి ఆ పిల్ల భుజం మీద వెయ్యబోయి, ఆ హక్కు తనకుందో లేదో తెలియక, వెనక్కి తీసుకుంది.

చాలాసేపటికి మూల నుంచి గొంతు వచ్చింది. "నీ పేరేంటి?"

పిచ్చుక తన పేరు చెప్పింది. అవతలి గొంతు దాన్ని ఒకసారి పలికి చూసింది, కొంచెం తప్పుగా. పిచ్చుక సరిదిద్దింది. ఆ పూట అంతకన్నా మరేమీ జరగలేదు. కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

తర్వాత కాల్స్ ఆగలేదు. మన భాషలో చెప్పే పని టీచరు పిల్లలకే వదిలేసింది. అర్థం కాకపోతే ఎవరైనా చెయ్యెత్తి మళ్ళీ చెప్పమనొచ్చు. అందరికన్నా ఎక్కువసార్లు ఎత్తేది ఆమే. మొదట్లో పిల్లలు ముసిముసిగా నవ్వేవారు, తర్వాత అలవాటు పడిపోయారు. పిచ్చుకకూ ఆ అమ్మాయికీ మధ్య టోపీ మాస్టారి ఫోను నుంచి టీచరు ఫోనుకు వాయిస్ మెసేజులు నడిచాయి. వచ్చినప్పుడు టీచరు ఫోను పిచ్చుకకు ఇచ్చి వరండాలోకి వెళ్ళిపోయేది. అందులో ఏముందో ఎన్నడూ వినలేదు. ఒకసారి వరండాలో ఉండగా లోపల పిచ్చుక పకపకా నవ్వింది. ఎందుకమ్మా అని అడగబోయి మానుకుంది.

ఏడాది చివర్లో ఒక రోజు రెండు జడల అమ్మాయి తెర ముందుకు వచ్చి కూర్చుంది. జడలు లేవు, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పిచ్చుక కుర్చీ లాక్కుని ఎదుట కూర్చుంది. టీచరు ఆతృత పట్టలేక పక్క నుంచి వంగి పలకరించింది. ఆ పిల్ల ఆమె వైపు చూసి, "బోంజూర్, మదామ్" అంది. దారిలో ఎదురైన పెద్దవాళ్ళను ఎవర్నైనా పలకరించినట్టు, మర్యాదగా. అని, పిచ్చుక వైపు తిరిగింది.

టీచరు పక్కకు జరిగి, కెమెరాకు కనపడని చోట నిలబడింది.